ముక్కు మూతపడని కొంగ: మా చెరువు గట్టు చింతచెట్టు మీద చేరింది, ఏంటిది?

కొబ్బరితోట | జులై 9, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర చిన్న ఊరు. కాలవలు వదిలారు, దమ్ములు అయ్యి ఊడ్పులు నడుస్తున్నాయి. పది రోజులుగా మా చెరువు గట్టు చింతచెట్టు మీద పెద్ద కొంగలు చేరాయి. నిన్న సాయంత్రం లెక్కపెడితే నలభై దాకా తేలాయి. ఒళ్లు తెలుపు. అలాగని మల్లెపువ్వు తెలుపేం కాదు, కొన్ని బూడిదరంగు కొడుతున్నాయి. రెక్కలూ తోకా నలుపు. ఎండ పడితే ఆ నలుపులో ఆకుపచ్చ మెరుపు.

నా సందేహం ముక్కు గురించి. పైముక్కూ కిందిముక్కూ మొదట్లో కలుస్తాయి, కొసన కలుస్తాయి. మధ్యలో మాత్రం సందు. ఆ సందులోంచి అవతల ఆకాశం కనిపిస్తోంది. మొదటిదాన్ని చూసి పాపం దెబ్బ తగిలిందనుకున్నాను. తీరా చూస్తే అన్నీ అంతే. నలభై కొంగలకీ ఒకేచోట దెబ్బ తగలదు కదా! మా నాన్నని అడిగితే "నత్తగుల్ల కొంగరా" అని మళ్లీ పేపర్లో పడిపోయారు. తెలిసినవాళ్లు చెప్పండి.

పిట్టలపిచ్చి | జులై 9, ఉదయం 8:15

నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నత్తగుల్ల కొంగ, ఇంగ్లీషులో ఏషియన్ ఓపెన్‌బిల్. శాస్త్రీయ నామం అనాస్టోమస్ ఆసిటాన్స్. ఆసిటాన్స్ అంటే లాటిన్‌లో ఆవులించేది అని. నోరు తెరిచి ఆవులిస్తున్నట్టు ఉంటుందని ఆ పేరు. 1783లో బోడార్ట్ అనే డచ్ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. దానికి ఆధారమైన పక్షి పాండిచ్చేరిలో దొరికింది. అంటే మన తూర్పు తీరం పక్షే.

ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు. మన చేలల్లో తిరిగే తెల్లకొంగకీ దీనికీ తేడా కావాలంటే ఎగిరేటప్పుడు చూడండి. తెల్లకొంగ మెడ ముడుచుకుని ఎగురుతుంది. ఇది మెడ ముందుకు చాపి, కాళ్లు వెనక్కి చాపి ఎగురుతుంది. తెలుగులో రెంటినీ కొంగే అంటాం గానీ కుటుంబాలు వేరు.

హ్యూస్టన్ గోదారోడు | జులై 9, ఉదయం 9:02

చదువుతుంటే కళ్లు చెమర్చాయండీ. సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి మన కోనసీమకి వచ్చిన అతిథులు! చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో చూసినట్టు గుర్తు. వాటిని కంటికి రెప్పలా చూసుకోండి.

పిట్టలపిచ్చి | జులై 9, ఉదయం 9:20

గోదారోడుగారూ, ఏమీ అనుకోవద్దు. ఈ సైబీరియా మాట మన పేపర్లు అంటించిన జబ్బు. పెద్ద పక్షి ఏది కనపడినా సైబీరియా అని రాసేస్తారు. నత్తగుల్ల కొంగ మంచుదేశం ముఖమే చూడదు. మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్, ఇదీ దాని ఇల్లు. నీళ్లు ఎక్కడుంటే అక్కడికి మకాం మారుస్తుంది, అంతే.

అలాగని ఇంటిపట్టున ఉండే రకం కూడా కాదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఆనవాలుకి కాలికి రింగు వేసిన పక్షి 800 కిలోమీటర్లు తూర్పున దొరికింది. థాయిలాండ్‌లో రింగు వేసింది 1500 కిలోమీటర్లు పడమరన బంగ్లాదేశ్‌లో తేలింది. రెక్కలు ఆడించి అలిసిపోయే పని పెట్టుకోదు. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే గాలిని పట్టుకుని గద్దలా గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకి పోతుంది, అక్కణ్ణించి జారుతూ వెళ్లిపోతుంది.

గట్టుమీద రైతు | జులై 9, మధ్యాహ్నం 1:30

మాది పాలకొల్లు వైపండీ. నాకు తెలిసింది చెప్తాను. కాలవలు కట్టేసిన వేసవిలో ఇవి మా దగ్గర పెద్దగా కనపడవు. నీళ్లొచ్చి దమ్ము చేస్తున్నామంటే ట్రాక్టర్ వెనకాలే దిగుతాయి. ఎందుకంటే నత్త అప్పుడే లేస్తుంది. ఎండాకాలమంతా మూత బిగించుకుని మట్టిలో పడుకున్న నత్త, నీరు తగలగానే మూత తీస్తుంది. మన సార్వా పంచాంగం, నత్త పంచాంగం, ఈ కొంగ పంచాంగం మూడూ ఒకటేనండి ఆయ్.

కొంగజపం అంటారు గానీ ఇది జపం చేసే రకం కాదు. మోకాలు లోతు నీళ్లలో నడుస్తూ, ముక్కు కొస కొంచెం తెరిచి, కుట్టుమిషన్ సూది పొడిచినట్టు కిందికి టకటకా పొడుచుకుంటూ పోతుంది. ఒక్కోసారి తల మొత్తం నీళ్లలోనే. నత్త తగిలితే ఆగుతుంది.

రొయ్యల చెరువు | జులై 9, రాత్రి 9:10

భీమవరం నుంచి. ఒక్క ముక్క అడుగుతాను. ఇది రొయ్యపిల్లల్ని తింటుందా? నీటికాకులు, తెల్లకొంగలతోనే చచ్చిపోతున్నాం. చెరువు మీద దారాలు కట్టాం, డప్పులు కొట్టాం, టపాసులు కాల్చాం. ఇప్పుడు ఇంకో కొంగ అంటే టెన్షనే.

మాస్టారు జువాలజీ | జులై 10, ఉదయం 6:30

రొయ్యల చెరువు గారూ, నిశ్చింతగా ఉండండి. దీని తిండి ముఖ్యంగా నత్తలు, అందులోనూ మనం నత్తగుల్ల అని పిలిచే పైలా జాతి. అవి దొరకనప్పుడు పీతలు, కప్పలు, పెద్ద పురుగులు. మీ చెరువులు దీనికి లోతెక్కువ, గట్లు నిటారు. నడిచి తినే పక్షి, ఈదదు. నిజానికి నష్టం మీకు కాదు, దానికే. వరిచేను చెరువుగా మారిన ప్రతిచోటా దీని కంచం ఒకటి తీసేసినట్టే.

ఇక ముక్కు సంగతి. నేను 30 ఏళ్లు జువాలజీ చెప్పాను. అందులో సగం కాలం తప్పు చెప్పాను. "అడకత్తెరలో పోకలా నత్తని ఆ సందులో పెట్టి పగలగొడుతుంది" అని. చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నేనొక్కణ్ణే కాదు, జూలియన్ హక్స్‌లీ అంతటి జీవశాస్త్రవేత్త, యునెస్కో మొట్టమొదటి డైరెక్టర్ జనరల్, 1960లో ఈ ముక్కు గురించే వ్యాసం రాసి, అది గింజలు పగలగొట్టే పట్టుకారు లాంటిదని తేల్చాడు. ముక్కు అంచుల గరుకుదనం గుల్లలు పగలగొట్టి పగలగొట్టి అరిగినందువల్ల వచ్చిందని ఆయన వాదన.

కొబ్బరితోట | జులై 10, ఉదయం 7:05

అంటే అది తప్పా మాస్టారూ? మరి సందు ఎందుకు?

గట్టుమీద రైతు | జులై 10, ఉదయం 7:50

మాస్టారు చెప్పేలోపు నేనో మాట. పెద్ద హక్స్‌లీ గారు మా గట్టు మీద ఒక్క పూట కూర్చుంటే ఆ వ్యాసం రాసేవారు కాదండి. కొంగ తిని వదిలేసిన గుల్ల పగలదు. నిమ్మకాయంత గుల్ల నిండుగా ఉంటుంది, మూత పక్కన పడి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు, కడిగి పెట్టినట్టు. పగిలిన గుల్లలు కనిపిస్తే అది పందికొక్కు పని. అంచు కొరికినట్టు ఉంటుంది.

మాస్టారు జువాలజీ | జులై 10, ఉదయం 11:15

రైతుగారు ఒక్క వాక్యంలో చెప్పింది తేలడానికి శాస్త్రవేత్తలకి చాలా ఏళ్లు పట్టింది. తంతంతా నీళ్ల అడుగున జరగడమే దానికి కారణం. బురదనీళ్లలో ముక్కు ఏం చేస్తుందో పైనుంచి కనపడదు. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 19వ శతాబ్దంలోనే ఒక విశేషం రాశాడు: కళ్లు కనపడకుండా చేసినా ఈ పక్షి నత్తని పట్టేస్తుందట. అంటే దానికి చూపుతో పని లేదు, ముక్కు కొసకి తగిలితే చాలు.

1971లో ఫిలిప్ కాల్ అనే అమెరికన్ ఈ పక్షి తిండి తినే తీరు మీద వివరంగా రాశాడు. మొత్తం మీద ఇప్పుడు తెలిసింది ఇది. పైముక్కుతో గుల్లని బురదకేసి అదిమిపెడుతుంది. కిందిముక్కు కొస సన్నగా కత్తిలా ఉండి, కొంచెం కుడివైపుకి ఒంకర తిరిగి ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే ఫోటోలో కూడా కనిపిస్తుంది. నత్తగుల్ల కూడా కుడివైపు చుట్టే కదా. ఆ కొసని మూత కిందికి దూర్చి, మూతని పట్టి ఉంచే కండని తెంపి, మాంసాన్ని బయటికి లాగుతుంది. కొబ్బరిచిప్పలోంచి కోరుతో ముక్క తీసినట్టు. గుల్ల అక్కడే ఉండిపోతుంది. చిన్న నత్తలైతే ఈ శ్రమంతా పెట్టుకోదు, నలిపేయడమో అలాగే మింగేయడమో చేస్తుంది.

మరి సందెందుకు? సందులో గుల్లని అసలు పెట్టదు. ఇంకో బలమైన సాక్ష్యం: పిల్లలకి ఆ సందు ఉండదు! వాటి ముక్కు మామూలుగా మూతపడుతుంది. వయసు వచ్చేకొద్దీ సందు ఏర్పడుతుంది. అయినా సందు లేని కుర్ర పక్షులు కూడా నత్తల్ని సొంతంగా తినగలవు. కాబట్టి తిండికి సందు తప్పనిసరి కాదు. ముక్కు వంపు తిరగడం వల్ల రెండు కొసలూ ఇంకాస్త నిటారుగా కలిసి, కొసన పట్టు బలం పెరుగుతుందని ఒక వివరణ. నాకు అది నచ్చింది. పటకారు చూడండి, మధ్యలో ఖాళీ ఉంటేనే కొసన పట్టు. అంచుల గరుకు అరుగుదల కాదు, జారిపోయే గుల్ల పట్టు తప్పకుండా ఉండడానికి అంటున్నారు.

నేను తప్పు చెప్పిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ టీచర్లయ్యారో. వాళ్లూ అదే చెప్తూ ఉంటారు.

తులసికోట | జులై 10, మధ్యాహ్నం 3:20

నమస్కారం. నేను ఇక్కడ కొత్త. ఆ చింతచెట్టు కింద ఇల్లు మాదే. ఈ పోస్టు పెట్టిన కొబ్బరితోట మా మరిదిగారు, ఆయనిల్లు వీధికి అవతల, చెట్టుకి వంద గజాల దూరంలో ఉంది. అందుకే ఆయనకి ఆకుపచ్చ మెరుపు కనిపిస్తోంది. నాకు కనిపించేది తెలుపు. అరుగు మీద తెలుపు, తులసికోట మీద తెలుపు, ఆరేసిన చీర మీద తెలుపు. వాసన చెప్పనక్కర్లేదు. అప్పడాలు ఎండబెట్టుకునే దిక్కు లేదు. కంటికి రెప్పలా చూసుకోమన్న హ్యూస్టన్ గారు ఒక వారం వచ్చి మా అరుగు కడిగితే సంతోషిస్తాను.

హ్యూస్టన్ గోదారోడు | జులై 10, సాయంత్రం 6:00

క్షమించండమ్మా. నోరు జారాను.

కొబ్బరితోట | జులై 10, సాయంత్రం 6:25

వదినా, నువ్వు ఇక్కడికీ వచ్చేశావా.

రొయ్యల చెరువు | జులై 10, రాత్రి 8:40

😂😂 తులసికోట గారి పార్టీ నేను. దారాలు, టపాసులు ఏం కావాలన్నా పంపిస్తాను.

తులసికోట | జులై 11, ఉదయం 10:05

టపాసులు వద్దులెండి. కానీ ఊళ్లో ఒక పెద్దమనిషి కొమ్మలు కొట్టించేద్దాం అంటున్నారు. అలా చేస్తే పోతాయా? పాపం అనిపిస్తోంది, కానీ ఎన్నాళ్లు? ఎప్పుడు వెళ్తాయో అదైనా చెప్పండి.

పిట్టలపిచ్చి | జులై 11, ఉదయం 11:30

అమ్మా, కొమ్మలు కొట్టించకండి. గూళ్లు కట్టడం మొదలైతే గుడ్లకీ గూళ్లకీ హాని చేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట లెక్కలోకే వస్తుంది. ఆ పెద్దమనిషికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఎన్నాళ్లంటే, ఉత్తరాంధ్రలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఇవే కొంగలు వానలు మొదలవగానే వచ్చి చలికాలం మొదట్లో పోతాయి. అక్కడి జనం వాటి రాకని శుభంగా లెక్కేస్తారు. మీ చెట్టు మీద కూడా పుల్లలు మోస్తుంటే, గూళ్లకి వచ్చినవే. పుల్లలతో ఒక పళ్లెం లాంటి గూడు, 2 నుంచి 4 గుడ్లు. ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి, 25 రోజులకి పిల్లలు. ఎండ కాస్తే తల్లో తండ్రో రెక్కలు సగం విప్పి గొడుగులా నిలబడుతుంది. ఆ దృశ్యం మాత్రం మీ అరుగు మీంచే బాగా కనిపిస్తుంది, మీ మరిదిగారికి కనపడదు.

ఇంకో సంగతి: ఒక్కోసారి ఒక మగ, రెండు ఆడ పక్షులు ఒకే గూడు పంచుకుంటాయి. ఆ సంసారం ఎలా నడుస్తుందో మీరే చూసి చెప్పండి. ఎక్కువ అరవవు. ముక్కులు టకటక కొట్టుకుంటాయి, మాటలన్నీ అలాగే.

గట్టుమీద రైతు | జులై 11, మధ్యాహ్నం 2:10

అమ్మా, గ్రీన్ మ్యాట్ ఒకటి అరుగు పైన వాలుగా కట్టించండి. వారానికోసారి దులిపి ఆ రెట్ట కొబ్బరిపాదుల్లో వెయ్యండి. అయితే ఒకే చెట్టుకి మరీ దగ్గరగా గుమ్మరించకండి, ఘాటుకి మాడుతుంది. అందుకే చూడండి, ఎక్కువ ఏళ్లు కొంగలు గూళ్లు కట్టిన చెట్లు పైనుంచి ఎండిపోతాయి. బట్టలు ఆరేసే తాడు మాత్రం వెనకవైపు మార్చుకోవాల్సిందే.

తులసికోట | జులై 11, సాయంత్రం 5:45

మంచిది. మ్యాట్ ఖర్చు మా మరిదిగారిది.

రొయ్యల చెరువు | ఆగస్టు 3, రాత్రి 10:20

ఈ చర్చ మళ్లీ పైకి తెస్తున్నాను, ఏమనుకోకండి. మాస్టారు "కంచం తీసేసినట్టే" అన్న మాట బుర్రలో ఉండిపోయింది. మేం రొయ్యలు మొదలెట్టిన రోజుల్లో నత్తమాంసం కొట్టి మేతగా వేసేవాళ్లం. బస్తాలకి బస్తాలు వచ్చేవి, చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఏరి తెచ్చేవారు. గుల్లలు కాల్చి సున్నం చేసేవారు కూడా. ఇప్పుడు పెల్లెట్ మేత వచ్చింది కాబట్టి ఆ పని పోయింది. కానీ ఆ బస్తాల నిండా ఉన్నది ఈ కొంగ తిండే అని అప్పుడు ఒక్కడికీ తట్టలేదు.

గట్టుమీద రైతు | ఆగస్టు 4, ఉదయం 6:50

మా చేలల్లో కూడా పురుగుమందు గుళికలు పడ్డ మడికి నత్త తగ్గుతుందండి. గుళికలు జల్లిన నీళ్లలో పీతలు వెల్లకిలా తేలడం నేను చూశాను. ఆ మడిలో కొంగ దిగితే నాకు భయంగానే ఉంటుంది. మన నాటు నత్త వరికి పెద్ద శత్రువేం కాదు, నాచూ కలుపూ తింటుంది. లేత నారు దగ్గర కాస్త చూసుకోవాలి, అంతే.

పిట్టలపిచ్చి | ఆగస్టు 4, ఉదయం 9:30

థాయిలాండ్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన బంగారు రంగు ఆపిల్ నత్త వరినాట్లని నమిలేసింది. రైతులు తల పట్టుకున్నారు. ఈ కొంగలకి మాత్రం పండగ. సంఖ్య పెరిగింది, ఇదివరకు కనపడని దేశాలకి కూడా వ్యాపించాయి. బ్యాంకాక్ దగ్గర వాట్ ఫై లోమ్ అనే బౌద్ధాలయం చెట్ల మీద పెద్ద కాలనీ ఉండేది, భిక్షువుల నీడలో బతికింది. ఆ నత్త మన డెల్టాలోకి రావాలని మాత్రం కోరుకోకండి.

మాస్టారు జువాలజీ | ఆగస్టు 4, సాయంత్రం 4:00

కాలనీ మాట వచ్చింది కాబట్టి, కాస్త పక్కదారి పడుతున్నాను. కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల (పెలికాన్ల) పెద్ద కాలనీని 1946లో కేరళకు చెందిన కె.కె. నీలకంఠన్ లోకానికి తెలియజేశారు. అప్పుడు దాదాపు 3000 పక్షులు. 1975 ప్రాంతానికి ఆ కాలనీ పూర్తిగా మాయమైంది. ఇప్పుడు కొల్లేరు దగ్గర ఆటపాకలో చూస్తున్నవి తర్వాత కాలంలో తిరిగొచ్చినవి. చెట్లు లేక, వాటికోసం కట్టిన మంచెల మీద గూళ్లు పెడుతున్నాయి. గూడబాతు కనీసం బోర్డుల మీద బొమ్మగా ఉంది. నత్తగుల్ల కొంగకి అంత అందం లేదు, ముక్కు కూడా మూతపడదు. ఎవరూ బోర్డు పెట్టరు.

మోడరేటర్ | ఆగస్టు 4, సాయంత్రం 7:15

చింతచెట్టు ఉన్న ఊరి పేరు అడుగుతూ ఇద్దరు ముగ్గురు రాశారు, తీసేశాను. గూళ్ల సమయం, కెమెరాలతో జనం ఎగబడతారు. దయచేసి అడగవద్దు.

కొబ్బరితోట | సెప్టెంబర్ 14, ఉదయం 8:00

పిల్లలు బయటపడ్డాయి! మాస్టారు చెప్పినట్టే ముక్కులు మూతపడుతున్నాయి. పొట్టి ముక్కు, సందు లేదు, ఒళ్లంతా మసక రంగు. తల్లి వచ్చి గూట్లో నత్తమాంసం కక్కుతోంది, పిల్లలు ఏరుకుని తింటున్నాయి. ఇంకొకటి గమనించాను. ఎండ మండిపోతున్నప్పుడు పెద్ద కొంగ కాళ్లు సున్నం వేసినట్టు తెల్లగా అయిపోతున్నాయి. జబ్బా?

మాస్టారు జువాలజీ | సెప్టెంబర్ 14, ఉదయం 9:10

జబ్బు కాదు నాయనా. ఈ కుటుంబంలో కొంగలన్నీ ఎండకి తమ కాళ్ల మీద తామే పల్చటి రెట్ట వేసుకుంటాయి. అది ఆరుతుంటే కాళ్లలో రక్తం చల్లబడుతుంది. మనం తడిగుడ్డ వేసుకున్నట్టు.

తులసికోట | సెప్టెంబర్ 14, ఉదయం 9:40

మా అరుగు కూడా చాలా చల్లగా ఉండి ఉండాలి మరి.

మూడో కొమ్మ గూట్లో నిజంగానే మూడు పెద్ద పక్షులు ఉన్నాయి. నాలుగు రోజులు వరసగా చూశాను. పోట్లాట ఏమీ లేదు. పుల్లలు మాత్రం పక్క గూటిలోంచి దొంగిలిస్తున్నాయి.

గట్టుమీద రైతు | సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 12:30

అమ్మా, మీ చేను ఆరబెట్టాక ఒక పని చెయ్యండి. గట్టు వెంబడి గుల్లలు ఏరి చూడండి. పగిలినవి ఎన్ని, నిండువి ఎన్ని. హక్స్‌లీ గారూ నేనూ, ఎవరిది రైటో తేలిపోతుంది.

మాస్టారు జువాలజీ | సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 1:15

ఒక జాగ్రత్త. తనంతట తాను చచ్చిన నత్త గుల్ల కూడా నిండుగానే ఉంటుంది. కాబట్టి నిండు గుల్ల కనపడగానే కొంగ ఖాతాలో రాయకండి. తాజాగా ఉండి, మూత విడిగా దగ్గర్లో పడి, మూతికి గీతలుంటే అప్పుడు రాయండి.

తులసికోట | నవంబర్ 27, సాయంత్రం 5:10

చెట్టు ఖాళీ అయింది. చివరి నాలుగూ సోమవారం పొద్దున్న పది గంటలకి లేచి, మా ఇంటి మీద రెండు చుట్లు తిరిగి, అలా పైకి పైకి పోయి చుక్కలైపోయాయి. గ్రీన్ మ్యాట్ విప్పేశాం.

రైతుగారూ, కోతకి ముందు నీళ్లు తీసేశాక మా అమ్మాయీ నేనూ గట్టు వెంట చాటెడు గుల్లలు ఏరాం. పగిలినవి గుప్పెడు కూడా లేవు. మాస్టారు చెప్పినట్టు మూతులు చూశాం. చాలావాటికి కుడి అంచున సన్న గీత ఉంది, అమ్మాయి గోరు పెట్టి చూపించింది. పాతవీ, సున్నం పట్టినవీ పక్కన పెట్టేశాం. చాటలో సగం మిగిలాయి. అరుగు మీద పెట్టి ఉంచాను, ఎవరైనా వచ్చి చూడొచ్చు. అరుగు కడిగేశాను.

తాడు మాత్రం వెనకవైపే ఉంచాను. మళ్లీ జూన్‌లో మార్చడం ఎందుకని.